పుష్కరాలకు ముందే గంగను శుభ్రం చేసుకుందాం
ధర్మపురి ప్రజలకు విజ్ఞప్తి



2027లో గోదావరి పుష్కరాలు. 2015 జూలైలో మన ఘాట్లు జనంతో ఎట్లా కిక్కిరిశాయో అందరం చూశాం. ఈసారీ రోడ్లు, లైట్లు, ఘాట్లకు రంగులు కావాలని అడుగుతున్నాం. అవన్నీ కావాల్సినవే. కానీ భక్తులు మునిగేది నీళ్లలో. అందుకే మొదటి పని నీళ్లదే కావాలి.

గోదావరిని మనం గంగ అనే పిలుచుకుంటాం. మన ఊరి ఆచారాలన్నీ ఈ గంగతో ముడిపడినవే. ముందు గంగస్నానం, తర్వాతే నరసింహస్వామి దర్శనం. యమధర్మరాజుకు గుడి ఉన్న అరుదైన ఊరు మనది. పెద్దలకు పిండం పెట్టడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. శేషప్ప కవి తన నరసింహ శతకంలో పద్యపద్యానికీ ఈ ఊరిని తలుచుకున్నాడు. మన ఆడబిడ్డలు బతుకమ్మను సాగనంపేదీ ఈ ఒడ్డునే.

అదే గంగలోకి మోరీనీళ్లు వదిలితే ఆ స్నానానికి అర్థమేముంది? ఎండాకాలంలో ఎగువన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి నీళ్లు రాక పాయ సన్నబడుతుంది. అప్పుడు మురుగు కొట్టుకుపోదు, ఒడ్డునే నిలుస్తుంది. పసిపిల్లలూ ముసలివాళ్లూ మునిగేది అక్కడే.

అధికారులను మనం అడగాల్సినవి:

1. శుద్ధి చేయని మురుగు ఒక్క చుక్క కూడా నదిలో కలవకూడదు. మోరీల మళ్లింపు, శుద్ధి కేంద్రం పుష్కర పనుల్లో మొదట ఉండాలి.
2. స్నానం చేసి భక్తులు విడిచిన బట్టలు వేసేందుకు ప్రతి ఘాటులో తొట్లు పెట్టాలి. వాటిని ఎత్తే కార్మికులకు చేతితొడుగులు, నెలనెలా జీతం అందాలి.
3. బట్టలుతికే రజక సోదరులకు ఘాట్లకు దూరంగా నీటి వసతితో చోటు కట్టించాలి. వాళ్ల బతుకుదెరువు దెబ్బతినకూడదు.
4. ప్రతి నెలా ఘాట్ల దగ్గర నీటిని పరీక్షించి, ఫలితం గుడి ముందు బోర్డు మీద రాయాలి.

మనం చేయాల్సినవి:

దుకాణదారులారా, పూజసామాను ప్లాస్టిక్ కవర్లలో ఇవ్వకండి. పురోహితులారా, పసుపుకుంకుమల పొట్లాలు నీళ్లలో వేయొద్దని యాత్రికులకు ఒక్కమాట చెప్పండి. మీ మాటకున్న విలువ ఏ బోర్డుకూ ఉండదు.

పైసలెక్కడివని కొందరు అడుగుతారు. పుష్కర నిధులు పన్నెండేళ్లకోసారి వస్తాయి. ఘాట్లకు వేసిన రంగు నాలుగు వానలకు పోతుంది. మోరీలు మళ్లిస్తే ఆ మేలు మన పిల్లల కాలానికీ అందుతుంది. ఉన్న పైసలు ముందు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చాల్సింది మనమే.

పనుల జాబితా ఖరారు కాకముందే కదులుదాం. వాడవాడలా కూర్చుని మాట్లాడుకుందాం. వినతిపత్రం మీద ఇంటికో సంతకం పెడదాం. ఓట్లడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ, ఏ పార్టీవారైనా సరే, ముందు ఈ మాటే అడుగుదాం.

మురుగు లేని గంగ మన హక్కు! దాన్ని కాపాడటం మన ధర్మం!

ఇట్లు,
గంగ మేలు కోరే ధర్మపురి వాసులు