మంచం ఎక్కడో చెప్పండి, కాలేజీ ఏదో మేం చెబుతాం

చోడవరం, మాడుగుల, చీడికాడ, బుచ్చెయ్యపేట, రావికమతం, దేవరాపల్లి, కె.కోటపాడు మండలాల తల్లిదండ్రులకు, ఈ ఏడు ఇంటర్ గట్టెక్కిన పిల్లలకు, ఉన్నత విద్యామండలి పెద్దలకు విన్నపం.

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాక మన ఊళ్ళో ఏ నెట్ సెంటర్‌కి వెళ్ళినా ఒకటే దృశ్యం. పిల్ల స్టూలు మీద కూర్చుని వెబ్ ఆప్షన్లు పెడుతుంటుంది. వెనకాల తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉంటాడు. కాలేజీ కోడు, బ్రాంచి కోడు, కిందటేడు ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగిపోయింది, ఇవన్నీ నెట్ సెంటర్ కుర్రాడికి కంఠతా. తండ్రి అడిగేది ఒక్కటే: "బాబూ, అక్కడ మా గుంటకి హాస్టలుందా?" కుర్రాడు తెర మీంచి చూపు తిప్పడు. "ముందు సీటు రానీండి బాబాయ్, హాస్టల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు."

ఈ కరపత్రం ఆ 'తర్వాత' గురించి.

ఆ 'తర్వాత' ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాం. మా పెద్దమ్మాయికి విశాఖ వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. పేరు చెప్పను, చెప్పినా కథ మారదు. రిపోర్టింగ్‌కి వెళ్ళిన రోజు ఒక కౌంటర్లో రసీదు ఇచ్చారు. పక్క కౌంటర్లో "అమ్మాయిల హాస్టల్ నిండిపోయింది, పేరు రాసి వెళ్ళండి" అన్నారు. ఆ జాబితాలో మాకన్నా ముందు ఎందరున్నారో అడిగితే జవాబు లేదు. గేటు బయట ప్రైవేటు హాస్టల్లో అయిదు మంచాల గది దొరికింది. నెలకు ఆరు వేలు, రెండు నెలల అడ్వాన్సు. మూడు నెలలు ఎలాగో కట్టాం. నాలుగో నెల నుంచి పిల్ల చోడవరం నుంచే తిరిగింది. మా ఆవిడ నాలుగున్నరకి లేచి క్యారేజీ కట్టేది. పిల్ల బస్సులో నిద్రపోయేది. క్లాసులోనూ నిద్రపోయేదని తర్వాత తెలిసింది. మొదటి ఏడాదికి మూడు బ్యాక్‌లాగులు మిగిలాయి. మంచం ఖాళీ అయిందని కాలేజీ నుంచి ఫోను వచ్చేసరికి రెండో ఏడు దసరా సెలవులు.

ఇందులో నన్ను ఇప్పటికీ పొడిచే ముల్లు వేరే ఉంది. మేం మూడో ఆప్షన్‌గా పెట్టిన కాలేజీ హాస్టల్లో ఆ ఏడు మంచాలు ఖాళీగా ఉండిపోయాయట. ఆప్షన్లు పెట్టేనాడే ఆ సంగతి తెలిసుంటే మూడును ఒకటి చేసేవాళ్ళం. రెండు కాలేజీల చదువులో పెద్ద తేడా లేదు.

చోడవరం నుంచి విశాఖకు సబ్బవరం మీదుగా పోయినా, అనకాపల్లి మీదుగా పోయినా యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. 2022 ఏప్రిల్ 4న మనం విశాఖపట్నం జిల్లా వాళ్ళం కాస్తా అనకాపల్లి జిల్లా వాళ్ళమయ్యాం. కలెక్టరాఫీసు దగ్గరైంది గానీ, పెద్ద కాలేజీలు ఉన్న చోటే ఉన్నాయి. బస్సులోనే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మాడుగుల ఆవల కొండవార ఊళ్ళ పిల్లలకైతే చోడవరం చేరడమే ఒక ప్రయాణం. వాళ్ళకు హాస్టల్ లేని సీటు అసలు సీటే కాదు.

అందుకే అంటున్నాం, ర్యాంకు కటాఫ్‌కి ముందు ఇంకో కటాఫ్ ఉంది. దాన్ని ఏ పుస్తకంలోనూ అచ్చెయ్యరు. మంచి ర్యాంకు వచ్చిన ఆడపిల్ల ఊళ్ళోనే డిగ్రీలో చేరిందంటే, తండ్రికి చదివించాలని లేక అని నలుగురూ అనుకుంటారు. ఆ తండ్రిని కూర్చోబెట్టి అడగండి. "రాత్రి ఎక్కడ పడుకుంటుందో తెలియని చోటికి ఎలా పంపమంటారు?" అంటాడు. మగపిల్లాడైతే "ఏదో గదిలో సర్దుకుంటాడులే" అని పంపేస్తారు. ఆ సర్దుకోవడం నలుగురు కుర్రాళ్ళకు ఒక గది, హోటల్ భోజనం, సగం హాజరు. అదీ చదువు మీదే పడుతుంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్‌కి వెళ్తే, ఫలానా కాలేజీలో చేరినట్టు కాగితం తెమ్మంటారు. కాలేజీలో చేరాలంటే ఉండటానికి చోటు దొరకాలి. చోటు దొరకాలంటే చేరి ఉండాలి. మామిడిచెట్టు ఎక్కాలంటే నిచ్చెన కావాలి, ఆ నిచ్చెన చెట్టు మీద ఉంది. పైగా వెబ్ కౌన్సెలింగ్‌లో సీటు కేటాయించాక రిపోర్ట్ చెయ్యడానికి ఉండేది కొద్ది రోజులే. రెండో విడతలో ఆప్షన్లు మళ్ళీ పెట్టి కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది. హాస్టల్ లేదని తెలిసి వెనక్కి తిరిగి చూస్తే, వెనక మెట్టు ఉండదు.

పూర్వం మన పిల్లలు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. పట్నంలో ఎవరింట వారాలు దొరుకుతాయో వాకబు చేశాకే పెద్దవాళ్ళు పిల్లాణ్ణి బండెక్కించేవారు. అంటే తిండి, పడక తేలాకే బడి. ఆ పాత వరసలో ఉన్న తెలివి ఇప్పటి వెబ్‌సైట్‌లో లేదు. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైందీ ఈ అవసరంలోంచే. పల్లె పిల్లాడు పట్నంలో చదవాలంటే ముందు కప్పు కావాలని గ్రహించిన పెద్దలు దాన్ని నిలబెట్టారు. 1971లో సర్వేలులో పి.వి. నరసింహారావు హయాంలో గురుకుల పాఠశాల పెట్టినప్పుడు సీటు, మంచం ఒకే మాటలో ఇచ్చారు. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలదీ అదే పద్ధతి. నూజివీడులోనో, ఇడుపులపాయలోనో, తర్వాత వచ్చిన శ్రీకాకుళంలోనో సీటు వచ్చిన పిల్ల తండ్రి హాస్టల్ కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోడు. కాబట్టి మన ప్రభుత్వాలకు ఈ పని చేతకాదని అనలేం. చేతనైన పని మిగతా కాలేజీల దగ్గర ఎందుకు ఆపేశారన్నదే మా ప్రశ్న.

పై దేశాల్లో ఏం చేస్తున్నారో చూడండి. అమెరికాలో చాలా కాలేజీలు విద్యార్థి చివరి మాట చెప్పడానికి మే 1 గడువు పెడతాయి. హాస్టల్ కోసం అప్పటిదాకా ఆగక్కర్లేని చోట్లూ ఉన్నాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి దరఖాస్తు పెట్టినవారు, ఫలితం రాకముందే హాస్టల్‌కీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు తమను మొదటి ఎంపికగా ఖాయం చేసుకుని గడువులోగా అడిగిన కొత్త విద్యార్థికి గది హామీ ఇస్తాయి. అక్కడా గదులకు కొరతే, అద్దెలు మండిపోతున్నాయి. అయినా అడిగే హక్కు ముందే ఉంది. మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారో మీకే తెలుసు. వీసా స్టాంపు పడకముందే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రూమ్మేట్లను వెతుక్కుంటారు. డల్లాస్‌లో గది సంగతి ముందే తేల్చుకునే మనం, మధురవాడలో మంచం సంగతి మాత్రం 'తర్వాత'కు వదిలేస్తున్నాం.

మేం అడిగేది కొత్త భవనాలు కాదు. అవీ కావాలి గానీ, ఆ పోరాటం వేరే. ఇక్కడ అడిగేది వరస మార్చమని. వెబ్ ఆప్షన్ల పేజీలో ప్రతి కాలేజీ పేరు పక్కన మూడు గడులు పెట్టండి: మొదటి ఏడు అమ్మాయిలకు ఎన్ని మంచాలు, అబ్బాయిలకు ఎన్ని, మెస్‌తో కలిపి ఏడాదికి ఎంత. పక్కనే 'హాస్టల్ కావాలి' అని ఒక టిక్కు. ఆ టిక్కే దరఖాస్తు. దానికి వేరే రుసుము వద్దు. కౌన్సెలింగ్‌కి ఇప్పటికే 1,200 రూపాయలు, ఎస్సీ ఎస్టీలైతే 600 కడుతున్నాం. సీటు కేటాయించిన కాగితం మీదే హాస్టల్ వచ్చిందో లేదో, వెయిటింగ్ అయితే ఎన్నో నంబరో అచ్చు పడాలి. హాస్టల్ రాక సీటు వదులుకునే పిల్లకు తర్వాతి విడతలో అవకాశం పోకూడదు. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలకూ ఇదే పద్ధతి పెట్టాలి. అక్కడ చేరేవాళ్ళు ఇంకా పేదవాళ్ళు.

"ఒక్కొక్కరు పది కాలేజీల హాస్టళ్ళకు అడిగితే లెక్క తేలేదెలా?" అని ఒక అధికారి మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరు పదుల కొద్దీ కాలేజీలకు ఆప్షన్లు పెడుతున్నారు కదా, సీటు లెక్క ఎలా తేలుతోంది? కంప్యూటరు తేలుస్తోంది. పిల్లకు ఒక సీటు పడగానే మిగతా చోట్ల ఆమె పేరు దానంతటదే పోతుంది. మంచానికీ అదే లెక్క. రైల్వే వాళ్ళు ఆర్ఏసీ అని సగం బెర్తు ఇచ్చి మరీ జనాన్ని తీసుకెళ్తున్నారు. నా ముందు ఎందరున్నారో ఫోన్లో చూపిస్తున్నారు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే జోసాలో సీటును పట్టుకుని ఉంటూనే ఇంకా మంచిదానికి చూడొచ్చు. ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అన్న మాటలు ఇప్పుడు పల్లెటూరి పిల్లలకూ నోటికొచ్చు. సీటుకి ఇన్ని సందులు కల్పించినవాళ్ళు మంచానికి ఒక్క గడి పెట్టలేరా?

ఇంకో లాభమూ ఉంది, కొందరికి నష్టం. హాస్టల్ జాబితా బయట పెడితే సిఫారసు ఉత్తరానికి విలువ పోతుంది. నిండిపోయిందన్న హాస్టల్లో ఉత్తరం తెచ్చినవాడికి మంచం ఎలా మొలుస్తుందో ఎవరూ అడగక్కర్లేదు.

డబ్బు సంగతి. చెరుకు మిల్లుకు తోలేది శీతాకాలంలో, బెల్లం అనకాపల్లి మార్కెట్‌కి ఎక్కేదీ ఆ రోజుల్లోనే. కాలేజీలు డిపాజిట్ అడిగేది వానాకాలంలో. అప్పుడు మన చేతిలో ఉండేది అప్పే. ఆ అప్పు తెచ్చి కట్టిన హాస్టల్ డిపాజిట్ కాలేజీ మారితే తిరిగి రాదని భయం. సీటు మానుకుంటే ఫీజు వెనక్కివ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ప్రవేశాల గడువుకి పదిహేను రోజుల ముందే చెబితే, కొద్ది ఖర్చు మినహా మొత్తం తిరిగివ్వాలని అందులో ఉంది. హాస్టల్ డిపాజిట్‌కీ ఇదే వర్తిస్తుందని కౌన్సెలింగ్ నోటిఫికేషన్లోనే రాయాలి. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో వసతి దీవెన పథకం మొదలుపెట్టినప్పుడు డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 రూపాయలన్నారు. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి, అది మనకు కొత్త కాదు. వసతి కూడా చదువులో భాగమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది, సంతోషం. చేరాక, విడతలుగా వచ్చిన ఆ డబ్బు మాత్రం ఎక్కడ చేరాలో తేల్చుకోవడానికి పనికిరాలేదు.

ఇదంతా మారేదాకా మనం చెయ్యగలిగిన పని ఒకటుంది. ఆప్షన్లు లాక్ చేసే ముందు, మొదటి అయిదు కాలేజీలకూ ఇంటి నుంచి ఒకరు వెళ్ళండి. వార్డెన్‌ని కలవండి. కాలేజీలో చేరకముందే హాస్టల్ దరఖాస్తు కాగితం రాసి ఇవ్వండి. తీసుకోకపోతే 'తీసుకోం' అని రాయించుకోండి. రాసివ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పడుకునే గది, బాత్రూము, రాత్రి పూట గేటు దగ్గర ఎవరుంటారో కళ్ళతో చూడండి. అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి, ఉండేది ఆమె. ఒక్క కారు మాట్లాడుకుని నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి వెళ్తే ఖర్చు తగ్గుతుంది.

ఈ కాగితం వెనక వైపు ఖాళీగా వదిలాం. చూసొచ్చిన కాలేజీల పేర్లు, చెప్పిన మంచాల లెక్క, అడిగిన డబ్బు అక్కడ రాయండి. మీ పిల్లకు గతంలో ఇలాంటి అనుభవం అయి ఉంటే అదీ రాయండి. అనకాపల్లి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. వచ్చే సోమవారం చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం ఎనిమిదిన్నరకు కలుసుకుని అక్కడికి వెళ్దాం. ర్యాంకు కార్డు జిరాక్సు ఒకటి తెచ్చుకోండి.

ఇట్లు
చోడవరం చుట్టుపక్కల విద్యార్థుల తల్లిదండ్రులు