ఆటపెట్టెను మన బడిపిల్లలే తయారు చేయాలి

ఆదోని: పిల్లల చేతికి సెల్‌ఫోను ఇవ్వరాదని పెద్దలు, ఇవ్వకుంటే అన్నం ముట్టమని పిల్లలు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఈ తగాదా లేని ఇల్లు తక్కువ. పత్తి తీతకు పోయి వచ్చిన తల్లి ఫోను వెతుక్కుంటే అది కొడుకు చేతిలో ఉంటుంది. రచ్చకట్ట మీద నలుగురు కుర్రవాళ్లు కూడితే నలుగురూ తలలు వంచుకునే కూర్చుంటారు.

ఇందులో పందెపు ఆటల బెడద వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. రెండూ మంచి పనులే. అయితే చట్టం పందేన్ని ఆపగలదు గాని పిల్లవానికి ఆట మీది మోజును ఆపలేదు. ‘ఆడవద్దు’ అని కేకలు వేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఆ మోజునే చదువు వైపు తిప్పాలి. ఆడే ఆటను, ఆడుకునే పెట్టెను పిల్లలే చేసుకునే ఏర్పాటు మన ఉన్నత పాఠశాలల్లో జరగాలి. ఇది గొప్ప ఖర్చుతో కూడిన పని కాదు.

ఏమిటీ ఆటపెట్టె?

జేబులో పట్టే ఈ పెట్టెకు గుండెకాయ ఒక చిన్న చిప్పు. దాని పేరు ఈఎస్‌పీ 8266. చైనాలోని షాంఘై నగరానికి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీది. 2014లో దీన్ని అమర్చిన చవక బోర్డులు ప్రపంచమంతటా ఔత్సాహికుల చేతికి వచ్చాయి. అంతకన్నా బలమైన ఈఎస్‌పీ 32 2016లో వచ్చింది. చిన్న కంప్యూటరు, వైఫై రెండూ ఆ చిప్పులోనే ఉంటాయి. ఫోనుతో వెలిగించి ఆర్పే బల్బులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. వాటి లోపల ఉండేదీ ఇటువంటి సరుకే.

ఈ బోర్డుకు అగ్గిపెట్టె కన్నా చిన్న తెరను నాలుగు తీగలతో కలుపుతారు. రెండు తీగలు కరెంటుకు, రెండు తీగలు సమాచారానికి. ఐదారు మీటలు, కీచుమనే చిన్న బజరు ఒకటి కావాలి. మీట నొక్కితే బోర్డు మీది ఒక కాలు గ్రౌండు తీగను తాకుతుంది. బోర్డు దాన్ని గుర్తించి, తెర మీద బొమ్మను జరుపుతుంది. అంతకు మించి ఇందులో మాయ లేదు. మొదట్లో ఫోన్లకు వాడే పవర్ బ్యాంకుతోనే నడపవచ్చు. అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటవు.

ఇంత చౌక సరుకుతో ఏం ఆట వస్తుందని కొందరికి సందేహం కలగవచ్చు. జపాన్ దేశపు నింటెండో కంపెనీ 1989లో గేమ్ బాయ్ అనే చేతి ఆటపెట్టెను విడుదల చేసింది. గున్‌పే యోకోయి అనే ఇంజనీరు బృందం రూపొందించిన ఆ పెట్టె కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయింది. దాని తెరకు రంగులు లేవు. లోపలి చిప్పు ఆనాటికే పాతది. పాతబడి చౌకైన సరుకును కొత్త పనికి వాడుకోవాలన్నదే యోకోయి సూత్రం. ఆ గేమ్ బాయ్ చిప్పు సెకనుకు నలభై లక్షల పైచిలుకు తడవలు కొట్టుకునేది. ఈఎస్‌పీ 8266 ఎనిమిది కోట్ల తడవలు కొట్టుకుంటుంది. అప్పట్లో ప్రపంచాన్ని ఊపిన ఆటలకు చాలిన దానికన్నా వేగవంతమైన చిప్పు ఈనాడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నది.

నేతగానికి కొత్త కాదు

ఆ చిన్న తెర మీద అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు ఉంటాయి. మొత్తం 8,192. ప్రతి చుక్కా వెలగాలి, లేదా ఆరి ఉండాలి. ఈ సంగతి ఎమ్మిగనూరు నేతగానికి ఒకరు చెప్పనక్కరలేదు. గళ్ల కాగితం మీద బుటా గీసుకుని, ఏ గడి దగ్గర ఏ పోగు లేవాలో లెక్క వేసుకోవడం మగ్గం పనిలో ఉన్నదే. జకార్డు అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. 1800ల తొలి ఏళ్లలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన తెచ్చిన ఆ చిల్లుల అట్టలే తరువాతి కాలంలో కంప్యూటర్లకు ఆదేశాలిచ్చే అట్టలకు దారి చూపాయి. కాబట్టి నేతవారి బిడ్డ గళ్ల కాగితం మీద పులి బొమ్మ గీసి, దాన్ని తెర మీద వెలిగిస్తే తాత తెలివినే కొత్త పనిలో పెట్టినట్లు.

పాము ఆటనే తీసుకుందాం. పాము అంటే కొన్ని గడుల వరుస. ప్రతి తడవా ముందు ఒక గడి చేర్చాలి, వెనుక ఒక గడి తీసేయాలి. అప్పుడు పాము కదిలినట్లు కనిపిస్తుంది. పండు తిన్నప్పుడు వెనుక గడి తీయకుండా వదిలేస్తే పాము పెరుగుతుంది. తల గోడకు తగిలితే ఆట ముగుస్తుంది. ఇది రాయగలిగిన పిల్లవానికి గ్రాఫు, కూడికలు, ‘ఇలా అయితే అలా’ అనే తర్కం మూడూ వంటబడతాయి. తొమ్మిదో తరగతిలో అక్షాల లెక్క నల్లబల్ల మీద చూస్తే నిద్ర వచ్చేవానికి పాము గోడను గుద్దుకున్నప్పుడు మెలకువ వస్తుంది.

పాముతో ఆగనక్కరలేదు. మన గుళ్ల అరుగుల మీద, చావిళ్ల బండల మీద చెక్కిన పులి-మేక ఆటను ఈ తెరకు ఎక్కించవచ్చు. పులి ఎటు దూకవచ్చు, మేకలు ఎట్లా కట్టడి చేస్తాయి అన్న నియమాలు ఊరి పెద్దలకు తెలుసు. పిల్లలు వారిని అడిగి రాసుకోవాలి. అవ్వ చెప్పిన ఆటను మనవడు పెట్టెలోకి ఎక్కిస్తే ఆ ఇంట ఇద్దరికీ మాట్లాడుకునే విషయం దొరుకుతుంది.

ఇక వైఫై సంగతి. ఈ చిప్పులున్న రెండు పెట్టెలు ఇంటర్నెట్టు లేకుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. గదికి ఈ మూల ఒకరు పులి, ఆ మూల ఒకరు మేకలు పట్టుకుని ఆడవచ్చు. టవరు లేని ఊరిలో కూడా ఇది నడుస్తుంది. రీచార్జి లేదు, ప్రకటనలు లేవు, డబ్బు అడిగేవాడు లేడు.

ఆట నుంచి పొలానికి

మీట ఉన్న చోట నేల తడిని కొలిచే పరికరం పెడితే అదే బోర్డు చేనికి నీరు కావాలో వద్దో చెబుతుంది. వేడి కొలిచేది పెడితే గోదాములో పత్తి బేళ్లు ఎంత వేడెక్కాయో చెబుతుంది. వానలు నమ్మరాని, తుంగభద్ర దిగువ కాలువ నీటి కోసం ఎదురు చూసే ఈ పడమటి మండలాలకు ఇటువంటి పని తెలిసిన చేతులు అవసరం. బోరు మోటారు స్టార్టరు చెడిపోతే పట్నం నుంచి మనిషి వచ్చేదాకా పైరు ఎండుతుంది. చిన్ననాడు ఆటపెట్టె విప్పి చూసినవాడు రేపు తగిన శిక్షణ పొంది ఆ పని ఊరిలోనే చేయగలడు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. పాఠాలు చూడడానికి అవి ఉపయోగమే. కాని ట్యాబును విప్పరాదు, దానిలోని పాఠాన్ని మార్చరాదు. మన పిల్లలు ఎల్లకాలం ఇతరులు చేసినది చూసేవారుగానే మిగిలిపోతే ఎట్లా? తామూ చేయగలమన్న ధైర్యం ఒక్కసారైనా వారికి కలగాలి.

ఈ పెట్టె సుగ్గిని ఆపుతుందని ఎవరూ అనరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి గుంటూరు మిరపచేలకూ, బెంగుళూరు కూలి పనులకూ కుటుంబాలు తరలిపోతూనే ఉన్నాయి. వారి వెంట పోయిన బిడ్డ మధ్యలో పాఠాలు పోగొట్టుకుని, తిరిగి వచ్చాక బడి మెట్లు ఎక్కడానికి జంకుతాడు. అటువంటి బిడ్డకు ‘నీవు సగం చేసిన పెట్టె ఇక్కడే ఉంది, రా’ అని చెప్పగల బడి కావాలి. చదువులో వెనుకబడినవాడు తీగలు అతికించడంలో ముందుండవచ్చు. ఆ అవకాశం వానికి ఇవ్వాలి.

ఎవరేం చేయాలి?

కేంద్ర ప్రభుత్వం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం ప్రారంభించింది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూడడానికే ఆ సొమ్ము. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025-26 బడ్జెట్టులో ప్రకటించారు. అందులో పడమటి మండలాల బడులకు న్యాయమైన వాటా దక్కాలి. మండల విద్యాధికారులు, ప్రజాప్రతినిధులు ఇప్పటి నుంచే అడగాలి. ల్యాబు వచ్చిన చోట దాన్ని తనిఖీ రోజున తెరిచి మిగతా రోజుల్లో తాళం వేసే పద్ధతి పనికిరాదు. సామాను పాడవుతుందని దాచితే పిల్లవాడు నేర్చుకునేది లేదు.

ల్యాబు లేని బడులు ఊరికే కూర్చోనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. ఒక్కొక్క నేతగాడు విడిగా చేయలేని పనిని పదిమంది కూడి చేయవచ్చునని ఈ ప్రాంతానికి అది చూపింది. అదే తీరున ఐదారు బడులు కలిసి బోర్డులు, తెరలు ఒక్కసారిగా తెప్పించుకోవచ్చు. ఐదుగురు పిల్లలకు ఒక పెట్టె చాలు. ప్రోగ్రాము ఎక్కించడానికి బడికి ఒక్క కంప్యూటరు చాలు. ఆర్డుయినో అనే ఉచిత సాఫ్ట్‌వేరు అందులో వేసుకోవచ్చు.

నేర్పేవారు లేరన్న మాట కూడా నిలవదు. ఆదోని బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాళ్ల కన్నా సన్నగా టంకం పెట్టేవారు ఎవరు? నెలకు ఒక శనివారం వారిని బడికి పిలిచి గౌరవంగా కూర్చోబెట్టాలి. కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ డీఎం నడుస్తున్నది. అక్కడి విద్యార్థులు సెలవుల్లో ఒక్కో మండలానికి ఇద్దరు వచ్చినా చాలు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పాత ఫోన్లలోంచి పీకిన ఉబ్బిన బ్యాటరీలను పిల్లల చేతికి ఇవ్వరాదు. లిథియం బ్యాటరీ తీగలు కలుసుకుంటే మంటలు లేస్తాయి. టంకం పని పెద్దల ఎదుటే జరగాలి. ఇంటి కరెంటు జోలికి పోకూడదు.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. ఏటా ఆనాడు థర్మాకోలు అగ్నిపర్వతాలు చూస్తూనే ఉన్నాం. వచ్చే దినోత్సవానికి మండలానికి ఒక్క ఆటపెట్టె, అందులో మన పులి-మేక ఆట సిద్ధం చేయించమని ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల కమిటీలకు విజ్ఞప్తి. ఆ రోజు తల్లిదండ్రులు కూలి పని ఒక పూట మానుకునైనా బడికి పోయి, బిడ్డ చేసిన ఆట ఒక్కసారి ఆడి చూడాలి.