కూర్చుని చేసే పనికి జబ్బేంటంటారా?

"ఏసీలో కూర్చుని చేసే పనికి నొప్పులేంటండీ?" రామచంద్రపురంలో ఈ మాట పెళ్లి పందిళ్లలో వింటాను, మందుల షాపు దగ్గర వింటాను, కన్నతల్లుల నోట కూడా వింటాను. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే ఇంత బాధ ఉండేది కాదు.

2020లో కరోనా తరిమితే హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఊరొచ్చిన పిల్లల్లో చాలామంది తిరిగి వెళ్లారు. కొందరు ఉండిపోయారు. వాళ్లకు తోడు ఇక్కడే డిగ్రీ చదివి, గడప దాటకుండా కస్టమర్ సపోర్టు, మెడికల్ కోడింగ్ లాంటి పనులు చేస్తున్న ఆడపిల్లలు. రాత్రి రెండింటికి ఏ మేడ కిటికీలోనో వెలుగు కనబడితే అది టీవీ కాదు. అమెరికాలో పగలు గనక ఇక్కడ ఒకరు మేలుకుని ఉన్నారు.

ఎలా కూర్చుంటున్నారో ఎవరైనా చూశారా? మంచం మీద దిండు, ఒడిలో లాప్‌టాప్. లేదా భోజనాల బల్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ. మెడ ముందుకు వాలి, నడుము వెనక్కి కుంగి, తొమ్మిది పది గంటలు. కుర్చీ కొనివ్వని కంపెనీ, మౌస్ ఎన్ని నిమిషాలు కదల్లేదో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం పెట్టింది. "నీళ్లు తక్కువ తాగుతానండీ, బాత్రూముకి లేవక్కర్లేదు కదా" అంది ఒకమ్మాయి, అదేదో తన తెలివి అన్నట్టు. ఇంట్లో మంచినీళ్ల బిందె పక్కనే ఉండగా ఒక ఆడపిల్ల దాహం చంపుకుని పని చేయడమేమిటి? ఎవరి లాభం కోసం?

గంటల తరబడి కదలని కాళ్లలో కండరాలు రక్తంలోని చక్కెరను సరిగ్గా వాడుకోలేవు. మిగిలింది కొవ్వయి కాలేయంలో చేరుతుంది. ఇది ఊహ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. నూటికి 84! ఆ లెక్క 2025లో లోక్‌సభ దాకా వెళ్లింది. అంతకు ముందే, 2023లో, జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో దాదాపు సగం మందికి నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వుల్లో కనీసం మూడు అదుపు తప్పాయని చెప్పింది. వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లోనే తేల్చాయి. 60 గంటలు దాటితే ఆరోగ్యానికి చేటని మన కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక సర్వేలోనే ఉంది. తెలియక జరుగుతున్నదేమీ లేదు.

తెలిసే, 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల దాకా వెళ్లారు. ఈ రెండిటి మధ్య, 2024 జూలైలో, పుణెలో 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే చనిపోయింది. పని భారమే బిడ్డను తీసుకుపోయిందని తల్లి కంపెనీకి ఉత్తరం రాసింది. దేశం వారం రోజులు అయ్యో అంది. తర్వాత మళ్లీ లాగిన్ అయింది.

మన రాష్ట్రం సంగతి చూడండి. ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా ఆడవాళ్లకు, పెద్ద ఎత్తున తెస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. రావాలి, నేను వద్దనను. ఊళ్లోనే జీతం రావడం కోనసీమకు చిన్న విషయం కాదు. కానీ కుర్చీ మాటేది? షిఫ్టు గంటల మాటేది? అదే ఏడాది జూన్‌లో ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని మంత్రివర్గం నిర్ణయించింది. నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలంటున్నాయి. పాతికేళ్లకే కాలేయంలో కొవ్వు, ముప్పైకి రక్తపోటు వస్తుంటే 40 దాకా ఆగమంటారా?

ఇక మనం. దింపు కార్మికుడు కొబ్బరిచెట్టు మీంచి పడితే ఊరు పరుగెత్తుతుంది, పరిహారం కోసం నలుగురూ నిలబడతారు. నిలబడాలి కూడా. ముప్పై ఏళ్లకే డిస్కు జారి, వంగి చెప్పు తొడుక్కోలేని కుర్రాడి కోసం ఎవరు నిలబడ్డారు? రక్తం కారలేదు గనక అది దెబ్బ కాదా? ఒళ్లు బద్ధకం అంటాం. పొద్దున్నే లేచి కాలవ గట్టున నడవమంటాం. తెల్లవారుజామున ఐదింటికి పడుకునేవాడు ఎప్పుడు లేచి నడవాలి? నడక మంచిదే, వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని డాక్టర్లు చెప్పేది నిజమే. ఆ నిమిషాలు కంపెనీ గడియారంలోంచి రావాలి. వాళ్ల నిద్రలోంచి కాదు.

పని వేళ అయ్యాక కంపెనీ పిలుపుకు పలకనక్కర్లేదనే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి ఉంది. ఇక్కడ అడిగితే ఉద్యోగం పోతుందని భయం. అందుకే ఉద్యోగం పోయే భయం లేనివాళ్లు అడగాలి. మన ఎమ్మెల్యే, ఎంపీ ఓట్ల కోసం వీధుల్లోకి వచ్చినప్పుడు రోడ్డు, డ్రైనేజీతో పాటు ఇదీ అడగండి: ఇంటి నుంచి పని చేయించుకునే కంపెనీ కుర్చీ, బల్ల ఇచ్చి తీరాలని, ఆ 40 ఏళ్ల గీత చెరిపేయాలని.

అమ్మలకొక మాట. బీపీ, షుగరు చూడ్డానికి ఏఎన్ఎం గుమ్మంలోకొస్తే "రాత్రంతా పనమ్మా, పడుకున్నాడు" అని పంపేస్తున్నారు. ఈసారి పంపకండి. లేపండి. పది నిమిషాల తర్వాత మళ్లీ పడుకుంటాడు.