తుపాకీ మోత నుంచి చెవికి కాపు

వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టం నేరంగా ప్రకటించింది. వేట వద్దు, అందులో రెండో మాట లేదు. కానీ చట్టబద్ధమైన తుపాకీ మోత మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో వినిపిస్తూనే ఉంటుంది. విజయనగరం పోలీసు శిక్షణ కళాశాలలో, ఎన్‌సీసీ శిబిరాల్లో కాల్పులు శిక్షణలో భాగం.

రైఫిల్ మోత సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవి పక్కన అలాంటి ఒక్క పేలుడుకే లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు చనిపోవచ్చు. చనిపోయినవి మళ్లీ పుట్టవు. చెవిలో హోరు జీవితాంతం మిగిలిపోవచ్చు. సైన్యంలో, పోలీసు శాఖలో చేరాలనుకునే సిక్కోలు (శ్రీకాకుళం) యువతకు, చెవి దెబ్బతింటే, వినికిడి పరీక్షే అడ్డంకి కావచ్చు.

దూది చాలదు. చెవిలో ఇయర్‌ప్లగ్, దానిపైన ఇయర్‌మఫ్ ఉండాలి. కాల్చేవారికే కాదు, పక్కన నిలబడే శిక్షకులకూ ఉండాలి. పార్వతీపురం మన్యంలో ఏనుగులను బాణసంచాతో తరిమే సిబ్బందికీ, రైతులకూ ఇదే రక్షణ కావాలి. కాల్పుల తర్వాత హోరు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా చెవి వైద్యుణ్ణి కలవాలి.

ఈ పరికరాల ఖర్చు స్వల్పం. తూటాల లెక్క చూసే అధికారులు వీటి లెక్కా చూడాలి. చెవికి రక్షణ లేని ఏ కేడెట్ చేతికీ రైఫిల్ ఇవ్వరాదు.