మతం గడిలో మన పేరు ఎవరు రాస్తున్నారు?

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఉప్పల్ చౌరస్తాలో, నాచారం గల్లీల్లో మైకులు రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి సెక్యులరిజం, రెండోది దేశభద్రత. మొదటి మాటలో మనం ఉండం. అది హిందువులు, ముస్లింల మధ్య పంచాయితీ. రెండో మాటలో మాత్రం గుర్తొస్తాం, అదీ అడవి, తుపాకీ అన్న లెక్కన. ఇన్నేళ్లలో ఏ పార్టీ మనిషీ మా గడపలో నిలబడి "మీ వేల్పు ఎవరు?" అని అడగలేదు. ఒకరు అడగకుండానే తమ లెక్కలో వేసుకున్నారు. సెక్యులర్ అనుకునేవాళ్లు కూడా ఆ లెక్కనే ఒప్పుకొని ఊరుకున్నారు. నాకు వీళ్ల మీదే ఎక్కువ కోపం.

ఊళ్లో 1/70, పెసా, ఐదో షెడ్యూల్ అని మాట్లాడిన పిల్లగాడు ఉప్పల్‌లో బస్సు దిగేసరికి అవన్నీ వెనకబడిపోతాయి. రాష్ట్రంలో 119 అసెంబ్లీ సీట్లుంటే ఎస్టీలవి 12. ములుగు, పినపాక, భద్రాచలం, ఆసిఫాబాద్, బోథ్... అన్నీ అక్కడే. ఉప్పల్ జనరల్ సీటు. ఇక్కడ అతను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షిఫ్టు కూలీ. వెంట తెచ్చుకున్నది కులం సర్టిఫికెట్టు, నోట్లో భాష, ఇంటి వేల్పు. వాటినీ దాచుకుంటున్నాడు. 2025లో కర్రెగుట్టల మీద ఆపరేషన్ నడిచిన రోజుల్లో, కిరాయి గది కోసం వెళ్లి "ఏ ఊరు?" అంటే ములుగు జిల్లా అని చెప్పలేక "వరంగల్ సైడు" అన్న పిల్లలు నాకు తెలుసు. ఊరు దాచినవాడు తెగనూ దాస్తాడు. తెగను దాచినవాడు మతం ఏమిటంటే "అందరిదే మాదీ" అంటాడు.

జనగణన వస్తోంది కాబట్టే ఇది రాస్తున్నాను. 2027 ఫిబ్రవరిలో ఇంటింటికీ వచ్చి మతం అడుగుతారు. వచ్చేది ఎవరు? చాలాచోట్ల మన టీచర్లమే.

నేనూ శుద్ధపూసను కాదు. 2011లో ఎన్యూమరేటర్‌గా తిరిగాను. హిందువుకు 1, ముస్లింకు 2, క్రైస్తవులకు 3, అలా జైనులకు 6 దాకా కోడ్‌లు. ఇతర మతమైతే పూర్తి పేరు రాయాలి. చెప్పింది చెప్పినట్టే రాయాలని శిక్షణలో చెప్పారు. అయినా కూలీల ఇళ్లలో అడగకుండానే 1 వేసుకుంటూ పోయాను. సాయంత్రం మా ఇంటికీ 1 వేశాను.

బ్రిటిష్ కాలపు లెక్కల్లో మనకు వేరే గడి ఉండేది. 1951లో అది పోయింది. అయినా 2011లో సుమారు 49 లక్షల 57 వేల మంది 'సర్నా' అని రాయించుకున్నారు. జైనులు సుమారు 44 లక్షల 50 వేలు. జైనులకు కోడ్ ఉంది, సర్నాకు లేదు. 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ సర్నా కోడ్ కోసం తీర్మానం చేసింది. మన అసెంబ్లీ ముందు ఆ మాట ఎత్తడానికి మన దగ్గర అంకె ఏది?

"మనమూ బొట్టు పెడతాం, గుడికి పోతాం, తేడా ఏముంది?" అంటారు మనవాళ్లే. పోండి, నేనూ పోతాను. కానీ మేడారంలో విగ్రహం లేదు, పూజారి కోయవాడు. చట్టానికీ ఆ తేడా తెలుసు. 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఎస్టీలకు వర్తించవు. పెళ్లికీ ఆస్తికీ హిందువు కానివాడు జనాభా లెక్కకు మాత్రం హిందువా? చర్చికి పోయే మన అన్నదమ్ములు క్రైస్తవం అని రాయించుకుంటే అది వాళ్ల ఇష్టం. వాళ్లను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలనే డీలిస్టింగ్ గోలలో మనవాళ్లు జెండాలు మోయడం మాత్రం నాకు సిగ్గుగా ఉంది.

"వేరే పేరు రాస్తే రిజర్వేషన్ పోతుందట సార్" అని భయపడేవాళ్లు ఎక్కువ. పోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు ఉంది, ఎస్టీలకు లేదు. పోలీసులకు తెలుస్తుందన్న భయమూ వద్దు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలు ఎవరూ తనిఖీ చేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. ములుగు అని, కోయ అని, ధైర్యంగా చెప్పండి. తల్లిభాష దగ్గర తెలుగు అని కాక మీ భాష పేరే చెప్పండి. ఈసారి ఫోన్లో మనమే నింపుకునే వీలు కూడా ఉంది. నాచారం గదుల్లో ఉండే తమ్ముళ్లు ఊళ్లో అమ్మానాన్న రాయిస్తారులే అనుకోవద్దు. ఎక్కడ ఉంటే అక్కడే లెక్క.

టీచర్లకు ఒక్కటే మాట. అడగండి, చెప్పేదాకా ఆగండి. పక్కనున్న ఇంటి ఓనరు జవాబు చెబితే రాయకండి.

ఇక చిక్కు మన దగ్గరే ఉంది. ఏ పేరు రాయాలి? గోండులకు గోండి పునెం ఉంది. తలా ఒక పేరు రాస్తే మళ్లీ చెల్లాచెదురు. నేను 'ఆదివాసీ మతం' అందామంటున్నాను, అందరికీ కలుస్తుందని. మా ఇంటామె ఒప్పుకోవడం లేదు, 'కోయ పునెం' అనే రాయాలంటోంది. ఫిబ్రవరికి ముందు సంఘాలు కూర్చొని ఇది తేల్చాలి. మా ఇంట్లో అయితే ఇంకా తేలలేదు.