కుక్కపిల్లను పెంచి అప్పగిస్తే పాపమా?

న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలు, ఏడాది పైగా పెంచిన లాబ్రడార్ పిల్లని పోయిన నెల శిక్షణ కేంద్రానికి అప్పగించింది. చూపు లేనివారికి తోడుగా నడిచే కుక్కని చేస్తారక్కడ. ఆ ఫోటో మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిందో లేదో మొదలైంది గోల. "పెంచిన చేతులతో ఎలా ఇచ్చేశావమ్మా, రాతి గుండె నీది" అని పిన్ని. "నోరులేని జీవాన్ని బానిసని చేస్తున్నారు" అని బాబాయి. "ఎంత పుణ్యం మూటగట్టుకున్నావో తల్లీ" అని మా అత్తయ్య. చెల్లెలు ముగ్గురికీ రెండేసి దండాల బొమ్మలు పెట్టి ఊరుకుంది. నేను ఊరుకోను.

ముందు పిన్ని సంగతి. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్ల, అక్కడి పిల్ల అని చమత్కరించి మురిసిపోయే జాతి మనది. ఇరవై ఏళ్ళు పెంచిన కూతురి చేతులు పాలలో ముంచి, అప్పగింతల పాట పాడి, నిన్నటిదాకా ముఖం తెలియనివాళ్ళ చేతిలో పెడతాం. అప్పుడు ఎవరి గుండే రాయి కాదు. కూతుర్నీ కుక్కనీ పోలుస్తావా అనకండి, ఆ పోలిక నాకూ నచ్చదు. కానీ పిన్నికి వేరే భాషలో చెబితే ఎక్కదు.

అసలు నాకు మండేది ఇంకొకటి. నిరుడు మూడు నెలలు అక్కడే ఉండి కళ్ళారా చూశాను. పిల్ల ఏడెనిమిది వారాల వయసులో ఇంటికొస్తుంది. ఏడాదో, ఏడాదిన్నరో అయ్యాక తిరిగి వెళ్తుంది. ఆ తర్వాత శిక్షకులు నేర్పేది సుమారు నాలుగు నెలలు. మరి ఆ ముందు ఏడాది జరిగిందేమిటి?

చెప్పిన వేళకి, చెప్పిన చోటే కాలకృత్యాలు. మనుషుల మీదికి ఎగరకూడదు. ఉడత కనబడితే ఉరకకూడదు. కంచం దగ్గర అడుక్కోకూడదు, కింద పడ్డ మెతుకు ముట్టకూడదు. మా చెల్లెలి కొడుకు పప్పన్నం ముద్ద జారవిడిచినప్పుడల్లా ఆ ఇంట్లో యుద్ధమే. ఇంత చాదస్తం ఎందుకే అన్నాను. రేపు హోటల్లో కింద పడ్డ చికెన్ ముక్క కోసం అది ఒక్క లాగు లాగితే, పట్టుకున్న మనిషి తూలి పడతాడక్కా అంది. మొదట్లో కుక్కర్ కూత వినగానే మంచం కింద దూరేదట. నేను వెళ్ళేసరికి పప్పు మూడు కూతలు కూసినా ఒక చెవి మాత్రం కదిపేది. మిక్సీ, వాక్యూమ్ క్లీనర్, దుకాణాల్లో జనం, స్టేషన్లో రైలు చప్పుడు, అన్నీ ఒక్కొక్కటిగా అలవాటు చేసింది. రోజుకి ఇరవైసార్లు అదే మాట అదే గొంతుతో చెప్పాలి. ఒకరు సోఫా ఎక్కనిచ్చి ఇంకొకరు దింపితే దానికి ఏదీ తలకెక్కదు (మన పిల్లలకీ అంతే అనుకోండి). మా మరిదిగారు సాయంత్రం నడకకి తీసుకెళ్ళేవారు. ఫోటోలు కూడా బాగా తీసేవారు.

ఇదంతా 'పెంపకం' అట, 'శిక్షణ' ఆ తర్వాత మొదలవుతుందట! ఇంట్లో ఆడది చేసినదానికి పని అన్న పేరు రాకపోవడం మనకేమీ కొత్త కాదులెండి. ఆ ఏడాది సరిగ్గా జరగకపోతే ఎంత గొప్ప శిక్షకుడైనా నాలుగు నెలల్లో ఏం చేస్తాడు?

ఇక బాబాయి. బానిస యజమాని మాట కాదనలేడు. ఈ కుక్క కాదంటుంది. సిగ్నల్ రంగు చూసి రోడ్డు దాటించేది కుక్క అనుకుంటాం. కాదు. వాహనాల చప్పుడు విని, ఇప్పుడు దాటొచ్చని తేల్చుకుని "ముందుకు" అనేది మనిషి. ఆ క్షణంలో ఏ కారో మలుపు తిరిగి మీదికొస్తుంటే, ఎంత చెప్పినా కుక్క అడుగు వేయదు. తెలిసి మాట వినకపోవడం అన్నమాట, అదే వాటి చదువులో కష్టమైన పాఠం. బెదిరే స్వభావం ఉన్నవాటినీ, ఈ పని ఒంటబట్టనివాటినీ తప్పిస్తారు. తీసుకుంటారా అని చాలాచోట్ల ముందు పెంచిన ఇంటినే అడుగుతారు. పనిలో ఉన్నవాటికి కూడా ఎనిమిదో పదో ఏళ్ళు వచ్చేసరికి విశ్రాంతి. మన వీధిలో గేటుకి మూరెడు గొలుసుతో జీవితమంతా కట్టేసిన కుక్కల్ని బాబాయి ఏనాడైనా బానిసలన్నాడా?

తిట్టిన ఇద్దరికంటే మెచ్చుకున్న అత్తయ్యతోనే నాకు పేచీ ఎక్కువ. పుణ్యం అనగానే అవతలివాడు చెయ్యి చాపినవాడైపోతాడు. అమెరికాలో ఈ పద్ధతి మొదలైంది ఎవరి దయ వల్లా కాదు. నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అని ఇరవై ఏళ్ళ కుర్రాడు, రెండు కళ్ళూ పోయినవాడు. స్విట్జర్లాండ్‌లో కుక్కలకి శిక్షణ ఇస్తున్న డొరొతీ యూస్టిస్ అనే ఆవిడ 1927లో ఒక పత్రికలో వ్యాసం రాస్తే, ఇంట్లోవాళ్ళు చదివి వినిపించారు. అతనే ఆవిడకి ఉత్తరం రాశాడు. 1928లో అంతదూరం వెళ్ళి, కుక్కతో కలిసి నడవడం నేర్చుకుని వచ్చాడు. (దాని అసలు పేరు కిస్. నలుగురిలో అలా పిలవలేక బడ్డీ అని మార్చుకున్నాడు, పాపం.) న్యూయార్క్‌లో విలేకరులు చూస్తుండగా బండ్లతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్ దాటి, ఆవిడకి ఒక్క మాటతో తంతి కొట్టాడు, విజయం అని. మరుసటేడు 1929లో పుట్టిన 'సీయింగ్ ఐ' సంస్థ ఇప్పుడు మా చెల్లెలుండే రాష్ట్రంలోనే, మోరిస్‌టౌన్‌లో ఉంది.

అక్కడ కుక్కని ఊరికే ఇవ్వరు. మొదటి కుక్కకి 150 డాలర్లు, ఆ తర్వాతివాటికి 50. అయ్యే ఖర్చులో అది పిసరంత కూడా కాదు, అయినా తీసుకుంటారు. కుక్కతో పాటు మనిషి కూడా వారాల తరబడి అక్కడే ఉండి నేర్చుకోవాలి, ఎంత వేగంగా నడుస్తాడో, ఎలాంటి ఊళ్ళో ఉంటాడో చూసి జత కుదురుస్తారు. తన డబ్బు తను కట్టి, తన కుక్క హార్నెస్ తను పట్టుకుని ఇంటికి వెళ్తాడు. ఇందులో పుణ్యం ఎవరి ఖాతాలో వేద్దాం అత్తయ్యా?