ఆడకుండా ఉన్నందుకు జీతం

2015 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా టౌరాసి ఒక ప్రకటన చేసింది. ఆ వేసవిలో తన దేశపు మహిళా లీగ్ డబ్ల్యూ.ఎన్.బి.ఏ.లో ఆడబోవడం లేదని దాని సారాంశం. ఆమెకు దెబ్బ తగల్లేదు, ఆట మీద విసుగూ పుట్టలేదు. శీతాకాలంలో ఆమె రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ నగరపు క్లబ్బుకు ఆడేది. వేసవంతా విశ్రాంతి తీసుకుని తమ దగ్గరికి అలసట లేకుండా రమ్మని, అందుకు డబ్బిస్తామని ఆ క్లబ్బు అడిగింది. ఆమె ఒప్పుకుంది. రష్యాలో ఆమె జీతం ఏడాదికి దాదాపు 15 లక్షల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. స్వదేశంలో ఎంత గొప్పగా ఆడినా లీగ్ ఇవ్వగలిగిన గరిష్ఠ జీతం అందులో పదో వంతు కూడా లేదు.

ఇలాంటప్పుడు ‘ఆట ముఖ్యమా, డబ్బు ముఖ్యమా’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. స్త్రీల శ్రమ గురించి చదువుకునే నాకు మాత్రం ఇంకో ప్రశ్న తోస్తుంది. ప్రపంచంలోనే అత్యుత్తమ నైపుణ్యం ఉన్న ఒక శ్రామికురాలికి నాలుగు నెలల విశ్రాంతి కావాలంటే పరదేశపు యజమాని వచ్చి కొనిపెట్టాల్సిన స్థితి ఎందుకు వచ్చింది?

అర్జెంటీనా నుంచి కాలిఫోర్నియాకు వలస వచ్చిన కుటుంబంలో 1982లో టౌరాసి పుట్టింది. అంతకు పదేళ్ళ ముందు, 1972లో, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష చూపరాదని అమెరికా చట్టం చేసింది. కాలేజీ ఆటస్థలాల తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నది ఆ చట్టంతోనే. టౌరాసి కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆమె ఆడేది గార్డు స్థానం. బంతిని ముందుకు నడపడం, ఎవరికి ఎప్పుడు అందించాలో క్షణంలో తేల్చుకోవడం, సందు దొరికితే దూరం నుంచే బాస్కెట్‌లో వేయడం గార్డు పని. ఆమె ఉండగా 2002, 2003, 2004లలో ఆ జట్టు వరసగా మూడుసార్లు జాతీయ విజేత అయింది. ఆ విజయాలతో విశ్వవిద్యాలయానికీ, టెలివిజన్‌కీ ఆదాయం వచ్చింది. ఆడినవాళ్ళకు మాత్రం స్కాలర్‌షిప్పు తప్ప జీతం లేదు. మగపిల్లలకూ అప్పట్లో అదే నియమం. అయితే కాలేజీ దాటాక మగపిల్లవాడి ముందున్న దారి వేరు, ఆడపిల్ల ముందున్న దారి వేరు.

2004లో డబ్ల్యూ.ఎన్.బి.ఏ. జట్లు కొత్తవాళ్ళను ఎంచుకున్నప్పుడు అందరికంటే ముందు ఎంపికైంది టౌరాసియే. ఫీనిక్స్ జట్టు ఆమెను తీసుకుంది. మొదటి ఏడాది జీతం దాదాపు 40 వేల డాలర్లు. అదే ఏడాది పురుషుల లీగ్ ఎన్.బి.ఏ.లో మొదటి ఎంపికగా వచ్చిన, కాలేజీ గడప తొక్కని కుర్రాడికి మొదటి ఏడాదే 40 లక్షల డాలర్లకు పైనే ముట్టింది. అప్పట్లో పురుషుల లీగ్‌లో మ్యాచ్‌లు రెట్టింపుకు పైగా ఉండేవి, ఆదాయం ఇంకా ఎన్నో రెట్లు ఉండేది. అది నిజమే. కానీ వాదం అక్కడితో ఆగదు. వచ్చిన ఆదాయంలో ఆడేవాళ్ళ వాటా ఎంత అన్నది అసలు ప్రశ్న. పురుష క్రీడాకారులు తమ సంఘం ద్వారా లీగ్ ఆదాయంలో సుమారు సగం రాబట్టుకున్నారు. స్త్రీలకు దక్కిన వాటా దానికి దరిదాపుల్లో కూడా లేదు.

మహిళల లీగ్ వేసవిలోనే ఎందుకు జరుగుతుందో కూడా ఆలోచించాలి. 1996లో ఎన్.బి.ఏ. దీన్ని స్థాపించి, 1997లో ఆటలు మొదలుపెట్టింది. మగవాళ్ళ ఆటలు లేని నెలల్లో స్టేడియాలూ, టెలివిజన్ సమయమూ ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలో స్త్రీల ఆటను సర్దారు. శీతాకాలంలోనే ఆడుతూ మెరుగైన జీతాలిచ్చిన మరో మహిళా లీగ్ 1996లోనే మొదలైంది గానీ, 1998 డిసెంబరులో డబ్బు లేక మధ్యలోనే మూతపడింది. మిగిలింది వేసవి లీగ్ ఒక్కటే. మగవాళ్ళు వాడుకోగా మిగిలిన సమయంలో, మిగిలిన చోట చేసే పనికి ‘పార్ట్ టైమ్’ అని పేరు పెట్టి తక్కువ జీతమివ్వడం మనకు కొత్తగా వినిపించే కథ కాదు.

అందుకే మిగతా ఏడెనిమిది నెలలు ఈ స్త్రీలు రష్యా, టర్కీ, ఇటలీ, చైనా వంటి దేశాలకు వెళ్ళి ఆడారు. టౌరాసి 2005లో మాస్కో వెళ్ళింది. తర్వాత మాస్కో శివార్లలోని స్పార్టాక్ క్లబ్బుకు ఆడి 2007 నుంచి 2010 దాకా వరసగా నాలుగుసార్లు యూరోలీగ్ గెలిచింది. ఆ క్లబ్బు యజమాని షబ్తాయ్ కల్మనోవిచ్, సోవియట్ గూఢచారిగా ఇజ్రాయెల్‌లో శిక్ష అనుభవించిన వ్యాపారి. 2009 నవంబరులో మాస్కో నడివీధిలో ఆయన్ని కాల్చి చంపారు. జట్టు ఆ సీజన్ ఆడుతూనే ఉంది. 2010 చివర్లో ఆమె ఇస్తాంబుల్‌లోని ఫెనెర్‌బాచె క్లబ్బుకు ఆడుతుండగా నిషిద్ధ మందు వాడిందని అంకారాలోని ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. క్లబ్బు కాంట్రాక్టు రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో ఆ ప్రయోగశాల తన ఫలితాన్ని వెనక్కి తీసుకుంది. నిర్దోషి అని తేలేసరికి ఆ ఉద్యోగం పోయింది.

ఈ క్లబ్బులు టిక్కెట్లు అమ్మి లాభాలు గడించి జీతాలివ్వలేదు. యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు వెనక ఉన్నది రాగి గనుల కంపెనీ. యజమాని ప్రతిష్ఠ కోసమో, ముచ్చట కోసమో అక్కడ డబ్బు పోశారు. ‘మార్కెట్ ఇంతే ఇస్తుంది’ అన్న మాటలోని డొల్లతనం ఇక్కడే బయటపడుతుంది. అదే స్త్రీ, అదే నైపుణ్యం; ఒకచోట లక్ష, ఇంకోచోట పదిహేను లక్షలు. రెండు అంకెలనూ నిర్ణయించింది మనుషులే. అయితే సంపన్నుడి ఔదార్యం కార్మికురాలి హక్కుకు బదులు కాదు. ఇచ్చే చెయ్యి మూసుకుంటే అడగడానికి చోటుండదు.

ఈ ఏర్పాటుకు మూల్యం చెల్లించింది శరీరాలు. 2018లో డబ్ల్యూ.ఎన్.బి.ఏ. ఉత్తమ క్రీడాకారిణి బ్రెయానా స్టివార్ట్‌కు 2019 ఏప్రిల్‌లో రష్యా క్లబ్బు తరఫున హంగేరీలో యూరోలీగ్ ఫైనల్ ఆడుతుండగా మడమ నరం తెగింది. ఆ ఏడాది స్వదేశంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయింది. ఫీనిక్స్‌లో టౌరాసి సహచరి అయిన బ్రిట్నీ గ్రైనర్ అదే యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్తూ 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో గంజాయి నూనె కేసులో అరెస్టయింది. ఆగస్టులో 9 ఏళ్ళ శిక్ష పడింది. డిసెంబరులో ఖైదీల మార్పిడిలో విడుదలైంది. ‘అసలు అక్కడికి ఎందుకెళ్ళింది?’ అని అడిగేవాళ్ళు ఆమె స్వదేశపు జీతం ఎంతో కూడా అడగాలి.

లక్షల డాలర్లు సంపాదించేవాళ్ళ గోడు మనకెందుకు అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. టౌరాసికి దక్కినంత అందరికీ దక్కలేదు. చాలామంది ఇంతకంటే ఎంతో తక్కువకే ఊరుగాని ఊళ్ళలో శీతాకాలాలు గడిపారు. అంతకంటే ముఖ్యం, శిఖరం మీదున్న స్త్రీకే బేరమాడే శక్తి లేకపోతే కింద ఉన్నవాళ్ళ మాటేమిటి? మన దేశంలో 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు స్త్రీ పురుషులకు సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించింది. అది మంచి అడుగే. కానీ ఆ సీజన్ వార్షిక కాంట్రాక్టుల్లో పురుషులకు అత్యున్నత శ్రేణి 7 కోట్ల రూపాయలైతే, స్త్రీలకు 50 లక్షలు. సమానత్వం అన్న మాట వినగానే ఏ కాగితంలో, ఏ గడిలో అని చూడటం మనం నేర్చుకోవాలి.

అమెరికాలో మార్పు తెచ్చింది ఒంటరి నిర్ణయాలు కాదు, సంఘం. 2020 జనవరిలో క్రీడాకారిణుల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంలో గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు పెరిగింది. ప్రసూతి సెలవుకు పూర్తి జీతం, పిల్లల సంరక్షణకు భత్యం వచ్చాయి. దానికి బదులుగా యాజమాన్యం ఒక షరతు పెట్టింది. 2023 నుంచి, విదేశీ సీజన్ ముగించుకుని ఆలస్యంగా వచ్చే సీనియర్లకు జరిమానా, ఆ మరుసటి ఏడాది నుంచి సీజన్ అంతటికీ నిషేధం. ఇంట్లో కడుపు నిండా పెట్టకుండా బయటికి వెళ్ళొద్దని గొళ్ళెం వేయడం కాదా ఇది? 2024లో లీగ్‌కు 11 ఏళ్ళకు దాదాపు 220 కోట్ల డాలర్ల టెలివిజన్ ఒప్పందం కుదిరింది. 2025 జూలైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు క్రీడాకారిణులు ‘మాకు బాకీ ఉన్నది మాకివ్వండి’ అని రాసిన చొక్కాలు తొడుక్కుని కోర్టులోకి వచ్చారు. దానం ఇమ్మని వాళ్ళు అడగలేదు, బాకీ తీర్చమన్నారు. ఆ ఏడాది జనవరిలోనే స్టివార్ట్, నఫీసా కాలియర్ అనే ఇద్దరు క్రీడాకారిణులు శీతాకాలపు లీగ్ ఒకటి స్వదేశంలోనే మొదలుపెట్టి, ఆడేవాళ్ళకు అందులో యాజమాన్య వాటా ఇచ్చారు.

టౌరాసి 2025 ఫిబ్రవరిలో ఆట నుంచి తప్పుకుంది. 20 సీజన్లు, 10,646 పాయింట్లు, 6 ఒలింపిక్ స్వర్ణాలు. రికార్డుల పుస్తకం ఇవన్నీ లెక్క రాసుకుంటుంది. రెండు ఖండాల మధ్య ఆమె విశ్రాంతి లేకుండా గడిపిన సంవత్సరాలను మాత్రం ఏ పుస్తకమూ రాసుకోదు. జీతం గురించి మనం గట్టిగానే మాట్లాడుతున్నాం. విశ్రాంతి గురించి ఇంకా మొహమాటపడుతున్నాం, అది సోమరితనంలా వినిపిస్తుందేమోనని. పొలంలో, ఫ్యాక్టరీలో, ఆఫీసులో, వంటింట్లో, ఆటస్థలంలో స్త్రీ అలుపు తీర్చుకునే సమయం కూడా ఆమె పనిలో భాగమే, ఆమె జీతంలో భాగమే. దాన్ని ఒక్కొక్కరూ విడిగా బేరమాడి కొనుక్కోవాల్సిన గతి ఉన్నంతకాలం అది హక్కు కాదు, అదృష్టం మాత్రమే. దాన్ని హక్కుగా రాయించుకోవాలంటే ముందు మనం కలిసి అడగాలి.